పొట్టలో చుక్క

సెప్టెంబరు 6, శనివారం

ముగ్గురం సినిమాకి వెళ్ళాం. పిచ్చుక అడిగింది. ఈమధ్య ఆ పిల్ల నోరు తెరిచి ఏదైనా అడగడమే అపురూపం. మూడేళ్ళప్పుడు పొద్దున లేచింది మొదలు వాగుతూనే ఉండేది, అందుకే పిచ్చుక అని పిలిచాను. పద్నాలుగేళ్ళొచ్చేసరికి పేరొకటే మిగిలింది.

"బొమ్మల సినిమాకి నేనెందుకమ్మా?" అన్నాను.

"బొమ్మల సినిమా కాదు నాన్నా, జపాన్ వాళ్ళ యానిమే. ఇది నువ్వు చూడాలి" అంది.

చూశాను. తెర కింద మన భాషలో మాటలు వేశారు. పంతొమ్మిది తప్పులు. "పట్టాల మీద నడవకండి" అని ఉండాల్సిన చోట "బట్టల మీద నడవకండి" అని ఉంది. హాల్లో ఒక్కరూ నవ్వలేదంటే ఎవరూ చదవడం లేదన్నమాట. కథేమిటంటే ఒక రైల్వే స్టేషను, ఒక అమ్మాయి, ఒక మైకు. మిగతాది అక్షరాల వెనక జరిగింది.

చివర్లో మాత్రం ఒక నాలుగు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. చదవడానికి ఏమీ లేక తల పైకెత్తాను. ఆ అమ్మాయి తండ్రి నిచ్చెన వేసుకుని ప్లాట్‌ఫారం పొడుగునా ఉన్న లౌడ్‌స్పీకర్లు ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. తుప్పు గోకుతున్నాడు. అంతే, ఇంకేమీ లేదు. అప్పుడే ఏసీ గాలి సూటిగా నా కళ్ళలో కొట్టింది. సీట్లు సరిగ్గా వేయలేదు.

బయటికొచ్చాక "ఎలా ఉంది నాన్నా?" అంది పిచ్చుక.

"పంతొమ్మిది" అన్నాను.

ఇంటిదాకా ఎవరూ మాట్లాడలేదు. సినిమా ఇద్దరికీ బాగా హత్తుకున్నట్టుంది.

సెప్టెంబరు 8, సోమవారం

నా సంచిలో నాలుగు పేజీల ఉత్తరం దొరికింది. పిచ్చుక రాత. ప్రెస్సులో టీ టైముకి చదివాను. మొత్తం ఎనిమిది తప్పులు. "బాద" రెండుసార్లు, ఒత్తు లేకుండా. "కధ" మూడుసార్లు. "అర్ధం" రెండు. మూడో పేజీలో ప్రశ్నార్థకం ఒకటి వదిలేసింది, అది నేను పెట్టాను. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. తండ్రి పోలిక.

సాయంత్రం దాని టేబుల్ మీద పెట్టేశాను. అడుగున ఎర్ర సిరాతో "శభాష్. తప్పులు బాగా తగ్గాయి" అని కూడా రాశాను. పిల్లలకి ప్రోత్సాహం ముఖ్యం.

సెప్టెంబరు 9, మంగళవారం

పిచ్చుక మాట్లాడటం లేదు. గొంతు నొప్పేమో.

సెప్టెంబరు 10, బుధవారం

గొంతు నొప్పి కాదు. "అమ్మా, ఆ తువ్వాలు ఇటివ్వమని నాన్నకి చెప్పు" అంది. తువ్వాలు నా భుజం మీదే ఉంది, పిచ్చుక నాకు రెండడుగుల దూరంలో ఉంది, వాళ్ళమ్మ వంటింట్లో ఉంది.

సెప్టెంబరు 11, గురువారం

మా ఆవిడ ఆసుపత్రిలో ఎక్స్-రేలు తీస్తుంది. పదహారేళ్ళుగా మనుషుల్ని లోపలినుంచి చూడటం అలవాటై, ఇంట్లో కూడా అదే చూపు. ఇవాళ డ్యూటీ నుంచి రాగానే నన్ను కూర్చోబెట్టింది.

"జవాబు చెప్పారా దానికి?"

"దేనికి?"

"ఉత్తరంలో అడిగింది కదండీ."

"ఏమడిగింది?"

నా వంక చాలాసేపు చూసింది. ఊపిరి బిగబట్టమని చెప్పి ఫిలిం తీసేముందు పేషెంటుని అలాగే చూస్తుందేమో.

"చదివారా లేదా?"

"చదివాను. అక్షరం అక్షరం చదివాను. ఎనిమిది..."

"ఎనిమిది! ఆ ముక్క ఇంకోసారి అన్నారంటే చూడండి. అది మీకు మనసు విప్పి రాస్తే మీరు మార్కులేసి పంపారు. ఈ ఇరవై ఒకటో తారీకు ఆదివారం. ఆలోపు మీరు నోరు విప్పకపోతే అది పేరు కొట్టేయించుకుంటానంటోంది."

"ఎక్కడ పేరు? ఏం పేరు?"

"మీరే కదా చదివింది!" అని లేచిపోయింది.

సెప్టెంబరు 12, శుక్రవారం

పొద్దుటినుంచి గుర్తు తెచ్చుకుంటున్నాను. మూడో పేజీ, కింది నుంచి ఐదో లైను. ప్రశ్నార్థకం అక్కడ పెట్టాను. ఆ గుర్తు వంపు కూడా కళ్ళకి కడుతోంది. దాని ముందున్న వాక్యం మాత్రం రావడం లేదు. నా కూతురు నన్నేదో అడిగింది, నేను ప్రశ్నార్థకం పెట్టి తిరిగిచ్చాను!

తప్పు నాది కాదు, పనిది. నాకు ప్రూఫులు దిద్దడం నేర్పిన గురువుగారు మొదటిరోజే చెప్పారు: "అర్థం వైపు చూడకు నాయనా, అర్థం చూస్తే తప్పు దాక్కుంటుంది. అక్షరం చూడు." ఇరవై రెండేళ్ళుగా అక్షరమే చూస్తున్నాను. పాఠ్యపుస్తకాలు, మందుల కాగితాలు, యంత్రాలు నడిపే పద్ధతులు, అన్నీ నా కళ్ళ కిందనుంచే వెళ్ళాయి. వాటిల్లో ఏముందని అడిగితే ఒక్కటీ చెప్పలేను.

తప్పు పనిది అని పైన రాశాను. మళ్ళీ చదివితే అంత బలంగా లేదు.

సెప్టెంబరు 13, శనివారం

సగం రోజు సెలవు పెట్టి ఆ సినిమాకే మళ్ళీ వెళ్ళాను, ఒక్కణ్ణే. "ఇది నువ్వు చూడాలి" అంది కదా, అడిగినదేదో అందులో దొరుకుతుందేమోనని. ఈసారి కింద మాటలు కనపడకుండా ముందు సీటాయన తల వెనక కూర్చున్నాను. బుర్ర పెద్దదే, పుణ్యాత్ముడు.

ఆ స్టేషన్లో రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పేది ఆ కుటుంబమే. తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు, ఇప్పుడు కూతురి వంతు. గోడకి తగిలించిన కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఆ పిల్లకేమో కనపడింది చెప్పాలని ఉంటుంది. సముద్రం ఇవాళ నెమ్మదిగా ఉందని, నీలం టోపీ తాతగారు గంటనుంచి ఎవరికోసమో చూస్తున్నారని చెప్పాలని ఉంటుంది. ఒకసారి చెబుతుంది కూడా. తండ్రి స్విచ్చి కట్టేస్తాడు. ఆ తర్వాత ఆ పిల్ల ఇంట్లో కూడా కాగితంలో ఉన్నట్టే మాట్లాడుతుంది. "దయచేసి భోజనానికి రండి" అంటుంది. హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, తువ్వాలు గుర్తొచ్చింది.

ఆఖర్న తండ్రి లౌడ్‌స్పీకర్లు తుడిచేది ఎందుకో ఇవాళ తెలిసింది. ఆయనకి మాటల్లో చెప్పడం చేతకాదు. రేపు పిల్ల ఏం చెప్పినా అందరికీ వినపడాలని తుడుస్తున్నాడు. పోయినసారి ఆయన స్టేషన్ శుభ్రం చేస్తున్నాడనుకున్నాను.

ఏసీ గాలి ఆ సీటుకి కూడా వస్తోంది.

అడిగినది మాత్రం దొరకలేదు.

సెప్టెంబరు 15, సోమవారం

ప్రెస్సులో పరువు పోయింది. దగ్గు మందు కాగితం దిద్దుతూ, అలవాటు లేని పని, అర్థం ఆలోచించాను. ఎవరికో దగ్గొస్తోంది పాపం, ఇంట్లో వాళ్ళు ఈ కాగితం చూసి మందు పోస్తారు అనుకున్నాను. అనుకుంటూ సంతకం పెట్టేశాను. రెండు వేల కాపీలు అచ్చయ్యాక మా ప్రెస్సులో బైండింగ్ చేసే పెద్దమ్మ పట్టుకుంది. కాగితాలు మడతపెడుతూ, "ఏమయ్యా, ఇదేం వైద్యం? రోజుకి మూడుసార్లు దాగవలెనంట! ఎక్కడ దాక్కోవాలి, మంచం కిందా?" అని పైకి చదివింది.

"తాగవలెను"లో త పోయి ద వచ్చింది. మెషిన్ దగ్గరివాళ్ళు కూడా పని ఆపి నవ్వారు. ఓనరు రెండు వేలూ చింపించాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిదని వదిలేశాడు.

మధ్యాహ్నం పెద్దమ్మ నా పక్కన డబ్బా విప్పుకుని కూర్చుంది. ఇంట్లో ఏదో ఉందని కనిపెట్టేసింది. చెప్పాను. ఉత్తరం, ఎనిమిది, ప్రశ్నార్థకం, అన్నీ.

"ఇంత ఆలోచన దేనికి? పోయి, నాకు గుర్తు లేదు తల్లీ, మళ్ళీ ఇవ్వు అనడానికి నోరు రాదా?"

"తండ్రిని కదా పెద్దమ్మా. ఏమనుకుంటుంది?"

"ఇప్పుడేమనుకుంటోందో అంతకంటే ఎక్కువ అనుకోదులే. పో, రోజుకి మూడుసార్లు దాక్కుంది చాలు."

సెప్టెంబరు 16, మంగళవారం

ఇవాళ్టిది వివరంగా రాసుకోవాలి.

సాయంత్రం బడినుంచి వచ్చి పిచ్చుక దాని గదిలో బొమ్మలేసుకుంటోంది. గుమ్మంలో నిలబడి జేబులోంచి ఎర్ర పెన్ను తీశాను. దాని మొహం ఎర్ర పెన్ను కంటే ఎర్రబడింది. పెన్ను దాని టేబుల్ మీద పెట్టాను.

"ఇది నీ దగ్గరుంచు. నువ్వడిగినదేంటో నాకు గుర్తు లేదమ్మా. చదివాను గానీ చదవలేదు. ఉత్తరం ఇంకొక్కసారి ఇస్తావా?"

 పిచ్చుక పెన్ను తీసి ఒక జేబులో, దాని మూత ఇంకో జేబులో పెట్టుకుంది. ఎంత జాగ్రత్తో! సొరుగులోంచి ఉత్తరం తీసిచ్చింది. వెయ్యి ముక్కలు చేసి ఉంటుందనుకున్నాను, మడత కూడా చెరగలేదు. రెండు చేతులా పట్టుకుని చదివాను, చేతులకి వేరే పని లేకుండా.

అడిగిన ముక్క వరకు ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను, ఇక మర్చిపోకుండా. తప్పులతోనే రాస్తున్నాను.

"సినిమాలో ఆ అమ్మాయి మైకు ముందు నోరు తెరిచి మళ్ళీ మూసేసినప్పుడు నాకు బాదగా అనిపించింది నాన్నా. నేనూ అంతే. ఏదైనా చెప్పేముందు తప్పుందేమోనని లోపలే నాలుగుసార్లు చదువుకుంటాను. ఈలోపు అందరూ వేరే మాటలోకి వెళ్ళిపోతారు. అందుకే నేను మాట్లాడనని అంటారు. ఇరవై ఒకటిన లైబ్రరీలో పిల్లలు సొంత కధలు చదువుతున్నారు. నేను పేరిచ్చాను. నువ్వు అర్ధం చేసుకుంటావనుకుంటున్నాను. నువ్వు వస్తావా, ఏదీ దిద్దకుండా వినడానికి"

ఆ చివర ప్రశ్నార్థకం నాది. ఎర్రగా, అందంగా ఉంది.

బాధకి ఒత్తు పెట్టాను. బాధని చూడలేదు. అర్ధం అంటే సగం, అర్థం అని రాయాలి అని దిద్దాను. అది రాసిందే ఒప్పు, నేను చేసుకున్నది సగమే. ఇదంతా దానితో అనాలనుకున్నాను.  "పెన్ను ఒక్క నిమిషం ఇస్తావా?" అని మాత్రమే అన్నాను.

పిచ్చుక రెండు జేబుల మీదా చేతులు వేసుకుంది.

"దిద్దడానికి కాదమ్మా. ఒట్టు."

ఇచ్చింది. మూత ఇవ్వలేదు.

దానికి ఆరేళ్ళప్పుడు బడి లేని రోజు ప్రెస్సుకి తీసుకెళ్ళేవాణ్ణి. కాగితం కట్టల మీద కూర్చుని దిద్దే గుర్తులన్నీ నేర్చేసుకుంది. థ పొట్టలో చుక్క పెట్టాలి, ఆ చుక్క లేకపోతే కథ కాదు అని నేను చెబితే, గౌను ఎత్తి "నా పొట్టలో కూడా పెట్టు నాన్నా, నేనూ కథనవుతా" అంది. ఎర్ర సిరాతో పెట్టాను. మా ఆవిడ వారం రోజులు రుద్దింది. అన్నిటికంటే దానికి నచ్చిన గుర్తు ఇంకొకటుంది. తొందరపడి కొట్టేసిన మాట మళ్ళీ కావాలంటే దాని కింద వరసగా మూడు చుక్కలు పెడతాం. కొట్టివేత చెల్లదు, ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి అని. "అంటే ఆ మాటకి మళ్ళీ ప్రాణం వచ్చిందా?" అని అడిగేది. ఇరవై రెండేళ్ళలో ఆ గుర్తు నేను పదిసార్లు వాడానో లేదో.

ఇవాళ ఎనిమిది చోట్లా పెట్టాను. బాదల కింద, కధల కింద, అర్ధాల కింద మూడేసి చుక్కలు. చివరికి ప్రశ్నార్థకం తీసేసి అక్కడ కూడా పెట్టాను. దాని పక్కన "వస్తాను" అని రాశాను.

పిచ్చుక నా మోచేతి మీదనుంచి వంగి చూస్తోంది. చిన్నప్పటి గొంతుతో అంది, "ప్రాణం వచ్చిందా?"

"వచ్చింది" అన్నాను.

వెంటనే పెన్ను లాక్కుని మూత పెట్టేసింది. "వస్తావు సరే. ఊరుకోగలవా?"

"ఎందుకు ఊరుకోలేను?"

"నాన్నా! నా ఐదో పుట్టినరోజు కేకు మీద పేరు దిద్దావు. వేలితో. క్రీము తీసి."

నిజమే. దీర్ఘం లేదు మరి.

సెప్టెంబరు 17, బుధవారం

పిచ్చుక మాట్లాడుతోంది! పొద్దున పళ్ళు తోముకుంటూ కూడా మాట్లాడింది. ఒక్క ముక్క తెలియలేదు, హాయిగా ఉంది.

సెప్టెంబరు 18, గురువారం

తల్లీకూతుళ్ళు నాకు పరీక్ష పెట్టారు. "ఏమండీ, రేపు మా అక్క వచ్చింది" అంది ఆవిడ భోజనాల దగ్గర. నేను మంచినీళ్ళు తాగాను. "నిన్న వెళ్ళిపోతుందట" అంది. ఇంకో గ్లాసు తాగాను. "పాపం దానికి మోకాలు తలనొప్పి" అంది. మూడో గ్లాసు. పిచ్చుక నవ్వలేక కుర్చీలోంచి జారింది. ఎక్స్-రేలు తీసే మనిషి ఆ మాట అనొచ్చా?

అనలేదు నేను. పాసయ్యాను.

సెప్టెంబరు 20, శనివారం

రేపే. పిచ్చుక అద్దం ముందు చదువుకుంటోంది. కథేమిటో నాకు చెప్పదట. ప్రెస్సులో ఓనరు రేపు పనికి రమ్మన్నాడు, చింపేసిన కాగితం మళ్ళీ వేయాలి కదా. రానన్నాను. ఎందుకన్నాడు. "మా అమ్మాయి కథ" అన్నాను. "అచ్చుకి వచ్చిందా?" అన్నాడు. "రాలేదు సార్, నోటికి వచ్చింది" అన్నాను. పెద్దమ్మ లోపల్నించి చప్పట్లు కొట్టింది. ఆ కాగితం ఆవిడ చూస్తానంది. నాకంటే బాగా చూస్తుందని రుజువైంది కూడా.

సెప్టెంబరు 21, ఆదివారం

గంట ముందే నేనొక్కణ్ణే లైబ్రరీకి వెళ్ళాను. హాల్లో నలభై కుర్చీలు, గోడకి రెండు స్పీకర్లు, వాటి మీద వేలు పెడితే పేరు రాయొచ్చు, అంత దుమ్ము. స్టూలు ఎక్కి జేబురుమాలుతో తుడవడం మొదలుపెట్టాను. ఒకటి అయిపోయి రెండోది సగంలో ఉండగా లైబ్రేరియన్ వచ్చింది.

"ఎవరండీ మీరు?"

"చదివే అమ్మాయి నాన్నని."

"అవి పనిచేయవండీ. ఆరేళ్ళయింది."

స్టూలు దిగాను. మళ్ళీ ఎక్కి ఆ సగం కూడా తుడిచేశాను. మొదలుపెట్టాక వదలకూడదు.

పిచ్చుకది నాలుగో పేరు. నేనూ మా ఆవిడా మూడో వరసలో కూర్చున్నాం. మైకు లేదు, కాబట్టి గట్టిగా చదవాలి. మొదటి రెండు లైన్లూ దాని కాళ్ళకి తప్ప ఎవరికీ వినపడలేదు. తర్వాత గొంతు లేచింది.

ఒక ఊళ్ళో ఒక ఎర్ర పిట్ట ఉందట. మనుషుల మాటల్లో తప్పులు ఏరుకు తినడం దాని పని. తిని తిని గుమ్మడికాయంత అయింది. ఊరివాళ్ళకి భయం పట్టుకుని మాట్లాడటం తగ్గించేశారు. చివరికి ఊరు మొత్తానికి నమస్కారం, దయచేసి, ధన్యవాదాలు, ఈ మూడే మిగిలాయి. హాల్లో నవ్వులు. ఆవిడ నా కాలు తొక్కింది. ఎర్ర పిట్ట ఎవరో తెలియకపోవడానికి నేనేమీ అంత అమాయకుణ్ణి కాదు.

ఇక తప్పులు లేక పిట్ట చిక్కిపోయిందట. ఇక్కడ పిచ్చుక "పాపం, ఎర్ర పిట్టకి ఆకలేసింది" అని చదవాలి. తొందరలో "పాపం, ఎర్ర ఆకలికి పిట్టేసింది" అంది.

వెనకెవరో పకాలున నవ్వారు. పిచ్చుక ఆగిపోయింది. నోరు తెరిచి ఉంది, మాట రాలేదు. ఆ సినిమాలో పిల్లలాగే.  కళ్ళు ఎత్తి నేరుగా నన్ను చూసింది. పద్నాలుగేళ్ళుగా ఎక్కడ తప్పు జరిగినా అలాగే నన్ను చూస్తోంది కాబోలు, నేను ఆ చూపుని ఇప్పుడే చూస్తున్నాను.

నా నోట్లో ఒప్పు వాక్యం సిద్ధంగా ఉంది. నాలుక చివర ఉంది. మింగేశాను. చెయ్యెత్తాను. గాల్లో, అందరికీ కనపడేలా, వేలితో మూడు చుక్కలు పెట్టాను.

ఒకటి. రెండు. మూడు.

పిచ్చుక మొహం విచ్చుకుంది. పళ్ళన్నీ కనపడేలా నవ్వి, నిటారుగా నిలబడి, గోడలు అదిరేలా మళ్ళీ అంది: "అవును! ఎర్ర ఆకలికి పిట్టేసింది!"

ఇక చూడాలి హాలుని. నలభై కుర్చీలూ నవ్వాయి. ఆ నవ్వు తగ్గేలోపు ఊపందుకుని మిగతాదంతా చదివేసింది. కాగితంలో లేనివి కూడా కలిపిందని తర్వాత చెప్పింది. చివరికి ఊళ్ళో ఒక చిన్నపిల్ల పిట్ట దగ్గరికెళ్ళి, భయపడకుండా, చెయ్యి చాచి ఒక తప్పు పెడుతుందట. "తిను, నేను చేసిందే" అంటుందట. పిట్ట తినకుండా దాన్ని గూట్లో దాచుకుంటుందట.

అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే ఆవిడ నా వైపు వంగి అంది, "ఏంటండీ, ఇక్కడా ఏసీ ఉందా?"

సెప్టెంబరు 22, సోమవారం

పొద్దున సంచిలో నా ఎర్ర పెన్ను, పిచ్చుక కథ కాగితాలు ఉన్నాయి. పైన చీటీ: "ఇప్పుడు దిద్దుకో నాన్నా. చదివేశాను కదా, భయం లేదు."

ప్రెస్సులో టీ టైముకి చదివాను. ముందు పెన్ను లేకుండా, కథ కోసం. తర్వాత పెన్నుతో. మొత్తం ఎన్ని తప్పులో రాయను. పేరు దగ్గర "నా కధ" అని ఉంది. ధ ని థ చేయడానికి పొట్టలో చుక్క పెట్టబోయి ఆగాను. పక్కన సన్నగా "ఇక్కడ నువ్వే పెట్టు" అని రాశాను.

నిన్నటిది ఒకటి రాయడం మిగిలింది. ఆ లైబ్రరీలో ఏసీ లేదు, ఫ్యాన్లు కూడా తిరగడం లేదు. ఏడ్చాను. సినిమాలో కూడా, రెండుసార్లూ.

పై రెండు వాక్యాలూ రాసి కొట్టేశాను. మళ్ళీ చదివాను. కింద చుక్కలు పెట్టాను.